తాతగారి డబుల్ బ్యారెల్‌కు పసుపు పెట్టే ముందు

దసరా వస్తోంది. బళ్లారి, సిరుగుప్ప వైపు మన పాత ఇళ్లలో కొన్నిచోట్ల ఆయుధపూజ నాడు ట్రాక్టరు పక్కన తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ కూడా బయటికొస్తుంది. బొట్టు, పూలు, పిల్లల చేతికిచ్చి ఒక ఫోటో. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు గుండె దడ. అందుకే ఈ రాత కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

"అది యాంటిక్, దానికి లైసెన్సెందుకు?" అనేవాళ్లు మనలో చాలామంది. శుద్ధ తప్పు. 1959 ఆయుధ చట్టం పాత ఆయుధాలను వదిలేసేది, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. తూటా పెట్టే డబుల్ బ్యారెల్‌కు స్ప్రింగో పిన్నో మారిస్తే మళ్లీ పేలుతుంది. కనుక నూరేళ్లదైనా లైసెన్సు కావాలి. లేకుండా ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు. కొడగు వాళ్లకు లేదు కదా అంటారు. ఆ మినహాయింపు కొడవలకు, జమ్మా భూములవాళ్లకు, మనకు కాదు.

తాత పేరున ఉన్న లైసెన్సు తాతతోనే పోతుంది. ఆయన పోయాక తుపాకీని ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేసి, వారసుడు అర్జీ పెట్టుకోవాలి. 2016 నిబంధనల్లో ఇంకో దారి ఉంది: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లున్నా, బతికుండగానే వారసుడి పేరుకు మార్పించవచ్చు. నాన్న ముందు ఈ మాటెత్తితే ఆస్తి పంపకం అడిగినట్టు చూస్తారు, నిజమే. అయినా అడగండి.

ఇక అసలు భయం. ఏళ్ల తరబడి ముట్టని తుపాకీ ఖాళీగా ఉందని ఎవరు చెప్పారు? తెలిసినవాళ్లతో విప్పించి రెండు గొట్టాలూ వెలుతురుకు పెట్టి చూడందే పూజ పీట మీద పెట్టకండి. సేఫ్టీని నమ్ముకోవద్దు, చాలా పాత తుపాకుల్లో అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, లోపలి సుత్తిని కాదు. లోపల తూటా ఉండి తుపాకీ కింద పడితే పేలే ప్రమాదం ఉంది.

గొట్టం మీద అలల్లాంటి చారలుంటే అది డమాస్కస్ రకం: ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, చుట్టి, కాల్చి అతికించినది. నల్లమందు కాలంలో చేసిన అలాంటి గొట్టంలో నేటి తూటా వేస్తే, అతుకుల లోపల తుప్పుంటే, చీలిపోవచ్చు. ఎడమచెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంకో చిక్కు: పాత ఇంగ్లీషు 12 బోర్లలో చాలావాటి గది రెండున్నర అంగుళాల తూటాకు. ఇప్పటి రెండుముప్పావు అంగుళాల తూటా అందులో పడుతుంది, కానీ పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. బర్మింగ్‌హామ్, లండన్ ప్రూఫ్ హౌసుల ముద్రలు గొట్టాల అడుగున ఉంటాయి. చదవగలిగిన డీలరుకు చూపించండి.

ఆ ముద్రలే విలువ కూడా. పండక్కి మెరవాలని ఉప్పుకాగితంతో రుద్దేవాళ్లను ఏమనాలి? ముద్ర, చేసినవాడి పేరు, ధర అన్నీ ఆ పొడిలోనే పోతాయి. తడి పసుపు రాసి అలాగే బీరువాలో పెడితే మిగిలింది తుప్పు తింటుంది. బొట్టు పెట్టాలంటే కర్ర భాగానికి పెట్టి, సాయంత్రానికి తుడిచి నూనె గుడ్డ వేయండి. గ్రీనర్ లాంటి పేరున్న తుపాకీ బాగుంటే మంచి ధరే పలుకుతుంది. పేరు తెలియని బెల్జియం సరుకును లక్షలని ఊహించుకోకండి. ఏదైనా సరే, కొనేవాడికి లైసెన్సుండాలి. నూరేళ్లు దాటినదాన్ని అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపుదామనుకోవద్దు. 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు.

పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చడం కూడా 2019 నుంచి నేరమే. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

దసరా ముందు జరిగే సంఘం సమావేశానికి లైసెన్సు పుస్తకాలు తెండి, వారసత్వపు అర్జీలు కలిసి రాసుకుందాం. తుపాకీలు మాత్రం ఇంట్లోనే తాళం వేసి రండి.