బాకీ అడిగినవారు బిచ్చగాళ్లా?

సోమాలీ ముస్లిం సమాజంలో యిబిర్ అనే చిన్న తెగ ఉంది. ఎవరింట బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా ఈ తెగవారు వాకిట నిలిచి, దీవించి, తాయెత్తు ఇచ్చి, 'సమాన్యో' అనే కానుక అడగడం ఆనవాయితీ. ఇంటివారు ఇస్తారు. ఇచ్చిన చేతితోనే వారిని బిచ్చగాళ్లని, మంత్రగాళ్లని ఈసడిస్తారు.

ఆ కానుక వెనుక కథను సోమాలీలే చెప్పుకుంటారు. హర్గీసా సమీపాన సమాధి ఉన్న షేక్ యూసుఫ్ అల్ కౌనైన్ ఇస్లాంను బోధిస్తున్న రోజుల్లో, ముహమ్మద్ హనీఫ్ అనే మాంత్రికుడు ఎదురు నిలిచాడట. కొండలోంచి నడిచిపోగలనని చూపబోయాడట. షేక్ దుఆ చేయగా కొండ మూసుకుపోయి, అతడు లోపలే మరణించాడట. వారసులు రక్తధనం అడిగారు. దానిని ఒక్కసారిగా పుచ్చుకోక, తరతరాలా కొంత కొంత పుచ్చుకునే ఒప్పందం కుదిరింది. అదే సమాన్యో.

దీనిని చరిత్రగా మేము స్వీకరించడం లేదు. స్వీకరించినా ఇది ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతోంది? రక్తధనం భిక్ష కాదు, హక్కు. ఈ కథ ప్రకారమే వాకిట నిలిచినవాడు రావలసినవాడు. గడప లోపల ఉన్నవాడు బాకీపడినవాడు. అయినా తలవంపులు మాత్రం అడిగేవాడికే!

పెద్ద తెగల మూలకథలు చూడండి. ఇసాక్ తెగ తన మూలపురుషుడు అరేబియా నుంచి వచ్చిన షేక్ ఇస్‌హాక్ అంటుంది. మైద్‌లో ఆయన సమాధిని చూపుతుంది. దారూద్ తెగకూ అరబ్బు షేకే మూలపురుషుడు. కానీ వీరందరి మాతృభాష సోమాలీ. అది అరబ్బీ సంతతి కాదు, ఆఫ్రికా కొమ్ములోని కుషిటిక్ కుటుంబానికి చెందినది. యిబిర్లు మాట్లాడేదీ అదే, నమాజు చేసేదీ అదే ఖిబ్లా వైపు. పెద్దలకు వలీ, పేదలకు మాంత్రికుడు: వంశవృక్షాన్ని రాసుకున్న చేయి ఎవరిదో తెలియడం లేదా?

యిబిర్లకే కాదు, కమ్మరులైన తుమాల్‌లకూ, తోలుపని చేసే మధిబాన్‌లకూ పిల్లనివ్వరు. సూరె హుజురాత్ తెగలను పరస్పర పరిచయం కోసమన్నది. ఇక్కడ తెగ పెళ్లికి అడ్డుగోడ. (దూదేకుల ఇంటి సంబంధమనగానే ముఖం చిట్లించే మన షేక్, సయ్యద్ కుటుంబాలు సోమాలీలను చూసి నవ్వే అర్హత పోగొట్టుకున్నాయి.)

ఈ వివక్షకు రాజ్యం సైతం ముద్ర వేసింది. 2000లో జిబూతీలోని అర్తా సమావేశం 4.5 సూత్రాన్ని అనుసరించింది: నాలుగు పెద్ద తెగలకు ఒక్కొక్క వాటా, మిగిలినవారందరికీ కలిపి అర. 275 స్థానాల దిగువసభలో ఒక్కో పెద్ద తెగకు 61. బంటూలు, బనాదిరీలు, చేతివృత్తుల తెగలు, ఇతరులు అందరికీ కలిపి 31. అరను ఒకటి చేయమని మేము కోరడం లేదు. మనిషిని భిన్నంగా లెక్కించే ఆ సూత్రమే రద్దు కావాలి.