డబ్బాలోని దేవుడు

కిందటి ఆదివారం ఒక పాత మిత్రుడు ఇంటికి వచ్చాడు. నేనప్పుడు బాఖ్ రచించిన బి మైనర్ మాస్ వింటున్నాను. రెండు నిమిషాలు ఓపిక పట్టి, ఆపమని సైగ చేసి, ఒక ఉపన్యాసం దంచాడు. సారాంశం ఇది: "చర్చిలో పాడవలసిన దాన్ని కాజీపేటలో, మేడ మీద గదిలో, రికార్డు పెట్టుకుని వినడం గుడికి వెళ్ళకుండా ప్రసాదం కొనుక్కుని తినడం లాంటిది. పైగా అది మన సంగీతం కాదు, ఆ భాష నీకు రాదు, ఆ మతం నీది కాదు. ఇక మిగిలిందేమిటి, డాబు తప్ప?" టీ తాగి వెళ్ళిపోయాడు. మాటకు మాట నాకు అప్పటికప్పుడు తోచదు. రాత్రి పడుకున్నాక తోస్తుంది. అందుకే ఈ టపా.

ముందు ప్రసాదం సంగతి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. నాటి నుంచి తెలుగువాడి తెల్లవారుజాము ఆ రికార్డుతోనే మొదలవుతోంది. మా మిత్రుడి ఇంట్లోనూ అదే మోగుతుంది. బంగారు వాకిలి ముందు నిలబడి వినడం లేదు కనుక అది డాబు అని ఆయన ఏనాడూ అనుకున్నట్టు లేదు. అంటే, మనకు అలవాటైన భక్తి డబ్బాలోంచి వస్తే భక్తి. అలవాటు లేనిది వస్తే డాబు. ఈ తూకంరాళ్ళు ఎక్కడివో నాకు అర్థం కాలేదు.

పోనీ, ఈ సంగీతం పుట్టినప్పుడైనా ఎల్లవేళలా చర్చి గోడల మధ్యనే ఉన్నదా? హాండెల్ 'మెస్సయ్య' 1742 ఏప్రిల్ 13న తొలిసారి వినిపించింది డబ్లిన్‌లోని ఒక సంగీతశాలలో; వచ్చిన సొమ్ము ఆసుపత్రులకు, అప్పులపాలై చెరలో ఉన్న ఖైదీల విడుదలకు వెళ్ళింది. బి మైనర్ మాస్ కథ మరీ విచిత్రం. లూథరన్ అయిన బాఖ్ దాని మొదటి రెండు భాగాలను 1733లో డ్రెస్డెన్‌లోని కాథలిక్ ప్రభువుకు, ఆస్థాన బిరుదు ఆశించి, సమర్పించుకున్నాడు. మిగతాది పాత రచనలు తిరగరాసి, కొత్తవి చేర్చి, 1749 నాటికి, చూపు మందగిస్తున్న రోజులలో పూర్తి చేశాడు. 1750లో కన్నుమూశాడు. ఆయన బ్రతికుండగా అది ఆసాంతం ఒక్కసారైనా పాడినట్టు ఆధారం లేదు. ఏ ఆరాధనలోనూ ఇమడనంత పెద్దది. ఏ గుడి బయట వింటున్నానని మా మిత్రుడు నన్ను దోషిని చేశాడో, ఆ గుడి దానికి అసలు దొరకనే లేదు.

"మన ఊళ్ళో కెథెడ్రల్ ఉంది కదా, అక్కడికి వెళ్ళి విను" అని కూడా అన్నాడు. ఉంది. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది; ఫాతిమానగర్‌లోని ఫాతిమామాత కెథెడ్రల్ దానికి పీఠం. కానీ రెండవ వాటికన్ మహాసభ (1962-65) తరువాత పూజ ప్రజల భాషలోకి వచ్చింది. అక్కడ వినిపించేది తెలుగు పాట. అదే న్యాయం కూడా. లాటిన్‌లో ఐదు గొంతుకల ఫ్యూగ్ పాడమని ఆ గాయకులను అడిగే హక్కు నాకు లేదు, కోరికా లేదు. కనుక కాజీపేటవాడికి బాఖ్ మాస్ విషయంలో ఉన్నవి రెండే దారులు: రికార్డు, లేదా నిశ్శబ్దం. నిశ్శబ్దమే సంస్కారమని చెప్పేవారితో నాకు పేచీ.

మతం ప్రశ్న ఈ ఊళ్ళో పుట్టడమే నాకు ఆశ్చర్యం. దర్గా ఉర్సుకు వెళ్ళే హిందువును నీ మతమేమిటని ఇక్కడ ఎవరూ నిలదీయరు. చెవులకే ఎందుకీ తనిఖీ?

ఇక 'మనది కాదు' అన్న మాట. హాండెల్ 1685లో పుట్టిన ఊరు జర్మనీలోని హాలే. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ ఫాదరీ 1743లో ఆ ఊరికే తిరిగి వెళ్ళి, తెలుగు అక్షరాలు పోత పోయించి, 1746, 47లలో పుస్తకాలు అచ్చువేయించాడు. మన లిపిలో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. అదే 1746లో బాఖ్ పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ ఆ ఊరి మార్కెట్ చర్చిలో ఆర్గనిస్టుగా చేరాడు. తండ్రి కొద్ది దూరంలోని లైప్జిగ్‌లో ఉన్నాడు. వారిలో ఎవరైనా తెలుగు అక్షరాన్ని కంటితో చూశారని నేననను. కానీ మన అక్షరం సిరా అంటుకున్న వీధుల గాలిలోనే ఈ సంగీతమూ ఉన్నది. ఆ అక్షరాలు మనవైనప్పుడు, ఆ గాలి పూర్తిగా పరాయిదని ఎలా అనగలం? (ఇళయరాజా 1986లోనే బాఖ్‌ను తన ఇంట్లో కలుసుకున్నాడు. ఆ క్యాసెట్‌ను మా మిత్రుడే నాకు అరువిచ్చాడు. మరిచిపోయి ఉంటాడు.)

కోబే నగరానికి చెందిన మసాకి సుజుకీని చూడండి. 1995 జనవరిలో భూకంపం ఆ నగరాన్ని కూల్చివేసింది. అదే ఏడాది ఆయన జపాన్ గాయకులతో, ఆ నగరంలోని ఒక మహిళా విశ్వవిద్యాలయ ప్రార్థనాలయంలో, బాఖ్ ఆరాధనా కాంటాటాలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. 2013లో ముగించాడు; యాభై అయిదు సంపుటాలు. క్రైస్తవులు అత్యల్పంగా ఉన్న దేశంలో జరిగిన పని అది. వాటిని అరువు గొంతుకలని యూరప్ తీసిపారేయలేదు, మన్నించింది.

భాష రాదన్న ఆక్షేపణకు మా మిత్రుడు తమిళదేశం వెళ్ళి సమాధానం తెచ్చుకోవాలి. త్యాగరాజస్వామి తెలుగును అర్థం తెలియకుండానే తరతరాలుగా గుండెలకు హత్తుకున్నవారు వారు. నిజమే, మాట విరిచి పాడినప్పుడు మనమే గొణుగుతాం. అందుకే నేను పాఠం ముందుపెట్టుకునే వింటాను. మాస్ పాఠం చిన్నది. మొదటి విభాగమంతా దయచూపమనే ఒక్క వేడికోలే. దానికి జర్మనీలో పుట్టనక్కరలేదు.

ఇప్పటి వరకూ రికార్డును కాపాడే ప్రయత్నమే చేశాను. కానీ అది ఇవ్వగలిగినది చర్చి వెనుక బల్ల కూడా ఇవ్వలేదు. 'సెయింట్ మాథ్యూ పాషన్' మొదటి బృందగానం చెవులకు పెట్టుకుని వినండి. రెండు బృందాలు, రెండు వాద్యసమూహాలు. ఒకటి కలిసి విలపించమని పిలుస్తుంది. రెండవది ఎవరిని చూడాలని, ఎలాగని, మధ్యలో అడ్డుపడి అడుగుతుంది. ఎడమచెవికి పిలుపు, కుడిచెవికి ప్రశ్న. ఈ రెంటికీ పైన, వాటితో నిమిత్తం లేనట్టు, పసిగొంతుకల కీర్తన నెమ్మదిగా సాగుతుంది. మూడూ విడివిడిగా వినిపించిన రాత్రి నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. ప్రార్థనలో ఎవరూ వెనక్కి తిప్పలేరు.

అదే ఘట్టాన్ని క్లెంపరర్ 1961లో పదకొండు నిమిషాలకు పైగా నడిపించాడు, శవయాత్ర నడకతో. గార్డినర్ 1988లో సుమారు ఏడు నిమిషాలలో ముగించాడు. అక్కడ అడుగుల్లో లయ ఉంది, దాదాపు నాట్యం. రెండూ నిజమేనా? నాకు రెండూ కావాలి. జాషువా రిఫ్కిన్ 1982లో బి మైనర్ మాస్‌ను గొంతుకకు ఒక్కరే చొప్పున పాడించాడు. ఫ్యూగుల అల్లిక అద్దంలా కనబడుతుంది. కానీ పునరుత్థాన ఘట్టానికి గుంపు కావాలి; అక్కడ నాకు ఆయనతో పేచీయే. ఇన్ని పాఠాంతరాలను పక్కపక్కన పెట్టి తేల్చుకునే భాగ్యం పద్దెనిమిదవ శతాబ్దపు భక్తుడికి లేదు.

అయితే మా పక్షంలోనూ దుర్మార్గులున్నారు. నిద్రపట్టడానికి బరోక్, చదువుకు బరోక్ అని ముక్కలు కోసి అమ్మేవారు. నలభై రికార్డులు సేకరించి ఒక్కటీ చివరివరకూ విననివారు. వరుస కలగలిపి వినిపించే ఫోనుకు ఈ మాస్‌ను అప్పగించేవారు. సిలువ ఘట్టంలో బేస్ స్వరాలు అదే నాలుగు గతుల వరుసలో పదమూడుసార్లు దిగుతాయి. చివరి సారి మాత్రం, గొంతుకలన్నీ అణిగిపోతుండగా, మెల్లగా జి మేజర్‌లోకి తిరుగుతాయి. సమాధిపై రాయి కొంచెం కదిలినట్టు. తక్షణమే బాకాలతో తరువాతి ఘట్టం బద్దలవాలి. ఆ మధ్యలో ఫోను ఎవరిదో ప్రేమగీతం ఎత్తుకుంటే, మా మిత్రుడు అన్న డాబు అదే.

ఈ ఆదివారం ఆయన మళ్ళీ వస్తానన్నాడు. ఆ రెండు ఘట్టాలే, మధ్యలో ఆపకుండా వినిపిస్తాను. గూడ్సు బండి ఏదైనా కూత వేస్తే అది నా తప్పు కాదు.