పటాన్ని నమ్మొద్దన్న ప్రొఫెసర్

విపత్తు వచ్చి వెళ్లాక పరిశోధకులు ఊళ్లోకి దిగడం మామూలే. ప్రశ్నలు అడుగుతారు, కాగితాలు నింపుకుంటారు, వెళ్లిపోతారు. ఆ నివేదికలో ఏముందో ఊరివాళ్లకు తెలిసేది ఎప్పటికో! జపాన్‌లోని కమైషీకి మాత్రం ఓ ప్రొఫెసర్ ముందే వచ్చారు. దాదాపు ఏడేళ్ల ముందు.

ఆయన తొషితకా కటాదా. సముద్రమే లేని గున్మా ప్రాంతంలోని విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. 2004 నుంచి కమైషీకి రాకపోకలు సాగించారు. అక్కడి తీరానికి సునామీలు కొత్త కాదు. 1896లో దాదాపు 22 వేల మంది బలయ్యారు. అయినా జనానికి ఓ ధీమా... అలల్ని ఆపడానికి 63 మీటర్ల లోతు సముద్రంలో గోడ కడుతున్నారుగా అని!

కటాదా ఉపన్యాసాలకు ప్రతిసారీ వచ్చినవాళ్లే వచ్చేవారు. దాంతో బడుల బాట పట్టారు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు భూమి కంపిస్తే ఏం చేస్తారో రాయమన్నారు. అమ్మకు ఫోన్ చేస్తామనీ, అమ్మ వచ్చేదాకా ఆగుతామనీ రాశారు చాలామంది. ఆ జవాబుల్ని ఇళ్లకు పంపి, ఇలా చేస్తే మీ బిడ్డ బతుకుతుందా అని తల్లిదండ్రుల్నే అడిగారు.

ఆ తీరంలో ‘తెన్‌దెన్‌కో’ అని పాత మాట ఉంది. ఎవరి ప్రాణం వాళ్లు దక్కించుకోమని. వినడానికి స్వార్థంలా ఉంటుంది. కానీ పిల్లాడు కొండెక్కేసి ఉంటాడన్న నమ్మకం ఉంటేనే తల్లి వాడికోసం వెనక్కి పరుగెత్తదు. టీచర్లు లెక్కల పాఠంలోకి కూడా సునామీ వేగాన్ని తెచ్చారు. ముంపు పటాన్ని గుడ్డిగా నమ్మొద్దని చెప్పింది కూడా కటాదాయే.

2011 మార్చి 11న ఉనొసుమైలోని రెండు బడులూ పటం ప్రకారం ముంపు బయటే ఉన్నాయి. అయినా జూనియర్ హైస్కూలు పిల్లలు పరుగందుకున్నారు. వాళ్లను చూసి, మూడో అంతస్తుకు చేరిన చిన్నబడి పిల్లలూ దిగి వెంటపడ్డారు. మొదట ఆగిన చోట కొండచరియ విరగడం కనిపించింది. ఇంకా పైకి వెళ్లారు. ఆ తర్వాత ఆ చోటు కూడా మునిగింది.

కమైషీలో దాదాపు మూడు వేలమంది బడిపిల్లలు బతికారు. అయిదుగురు దక్కలేదు. దీన్ని అద్భుతమన్నారు కానీ ఊళ్లో చాలామందికి ఆ మాట రుచించలేదు. అదే ఉనొసుమైలో, సునామీ ఆశ్రయం కాని ఓ విపత్తు కేంద్రంలోకి చేరి దాదాపు 160 మంది చనిపోయారు. ఎత్తుకు ఎక్కడం వృద్ధులకు కష్టమని, అంతకుముందు డ్రిల్లులు అక్కడే జరిపేవారు.