మద్దెలయే ఓడైనచో?

ఆడలేనివాడు మద్దెల ఓడనునని లోకోక్తి. కాని మద్దెల నిజముగా ఓడైయుండ, దానిని చేసినవాడు ఆడువానినే దూషించినచో నేమనవలెను? విమానము కూలినప్పుడెల్ల చోదకునిదే తప్పని తీర్పు చెప్పుటకు తొందరపడువారు బోయింగ్ 737 మ్యాక్స్ చరిత్రను తెలిసికొందురు గాక.

2018 అక్టోబరు 29న లయన్ ఎయిర్ వారి విమానము జావా సముద్రమున గూలి 189 మంది మరణించిరి. 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే తరగతి విమానము గూలి 157 మంది హతులైరి. రెంటను మూలలోప మొక్కటియే. ఎదురుగాలికి రెక్క యెంత కోణమున నున్నదో తెలుపు సెన్సరు తప్పులెక్క చూపెను. ఎంక్యాస్ అను స్వయంచాలక యంత్రాంగము దానిని నమ్మి, విమానపు ముక్కు మితిమీరి పైకి లేచినదని భ్రమించి, పలుమారులు క్రిందికి వంచెను. సెన్సరులు రెండు కలవు. కాని ఎంక్యాస్ ఒక్కదాని మాటనే వినును. తొలి ప్రమాదమునకు ముందు చోదకుల చేతిపుస్తకమున దీనిని గూర్చిన వివరణ లేదు. శిక్షణలో ప్రస్తావనయు లేదు. ఉన్నదని చెప్పని శత్రువుతో పోరాడి గెలువలేదని నిందించుట న్యాయమా?

అయినను, ఆ దేశముల చోదకులకు శిక్షణ చాలదని అమెరికాలో పలికినవారు లేకపోలేదు. చోదకులెన్నడును పొరబడరని మేమనము. లయన్ ఎయిర్ విమానము ముందునాడే యీ రోగమును చూపినను దానిని మరల నెగురనిచ్చిరి. ఆ సంస్థ లోపమును మేము దాచము. కాని మాదొక్కటే ప్రశ్న: దోషము చోదకునిదే యైనచో పిమ్మట యంత్రమును సవరించుటేల? రెండు సెన్సరులను పోల్చి చూచునట్లు ఎంక్యాస్‌ను మార్చిన తరువాతనే 2020 నవంబరులో అమెరికాయు, 2021 ఆగస్టులో మన దేశమును ఆ విమానములకు మరల ననుమతి నొసగినవి. ఆ సవరణయే నేరాంగీకారము.

2019 మార్చి 12న మన విమానశాఖ వీనిని నిలుపుమని యాజ్ఞాపించెను. అమెరికా మరునాడు గాని కన్ను తెరువలేదు. ఆ స్వతంత్రబుద్ధి ఆపత్కాలమునకే పరిమితము కారాదు. పరదేశపు ముద్ర చూచి తృప్తిపడక, కొను ప్రతి యంత్రమును మన నిపుణులే పరీక్షింపవలెను. చోదకునికి తెలియని మీట విమానమున నొక్కటియు నుండరాదు. చచ్చినవాడు సాక్ష్యమునకు రాడు. కావున నేరమాతనిపై మోపుట సులభము. సులభమైన తీర్పుతో ముగిసిన విచారణ రాబోవు ప్రమాదమునకు పునాదియే యగును.