చెవికి తెలుగు ఉంది, కంటికి లేదు

కొన్ని నెలలుగా ఆదివారం సాయంత్రాలు హోసూరులో మేము కొందరం ఎవరో ఒకరింట్లో కలుస్తున్నాం. ఒక వారం పుస్తకం, ఒక వారం సినిమా. పిల్లలూ వస్తున్నారు. అక్కడ మాకు తోచిన ఒక మాటను సంఘం సభ్యులందరి ముందూ పెట్టాలని ఇది రాస్తున్నాం.

మొదట 'బలగం' చూశాం. 2023లో వేణు ఎల్దండి తీసింది. తెలంగాణ పల్లెలో ఒక తాత పోతాడు. పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఇంటివాళ్ళ పాత పంతాలన్నీ బయటపడతాయి. కాకికి పెట్టడం మన ఇళ్ళల్లోనూ ఉన్నదే కాబట్టి పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఆ యాస మనది కాదు, అయినా కళ్ళు తుడుచుకోని పెద్దలు లేరు. తర్వాత '90స్' సిరీస్ చూశాం. మధ్యతరగతి ఇల్లు, పిల్లల మార్కులు, ఆచితూచి ఖర్చు. ప్రతి మాటకూ పిల్లలు పగలబడి నవ్వారు.

మరో ఆదివారం తెర మీద సినిమా పేరు తెలుగులో పడింది. పదో తరగతి పిల్ల ఒకతె మమ్మల్ని అడిగింది: "ఇది ఏం సినిమా మావా?" అంతవరకు మాతోబాటు నవ్వుతూ ఉన్న పిల్లే. మాకు గొంతు తడారిపోయింది.

తప్పు ఆ పిల్లది కాదు. 2006 తమిళ బోధన చట్టం తర్వాత మన బడుల్లో తెలుగు చదువు వెనక్కి పోయింది. తమిళం రావాల్సిందే, దానితోనే మన బతుకు. కానీ ఇంట్లో అక్షరాలు దిద్దించకుండా మనల్ని ఏ చట్టమూ ఆపలేదు. ఆ పని చేయనిది మనమే.

"సినిమాలు చూస్తున్నారు కదా, భాష ఎక్కడికీ పోదులే" అంటారు కొందరు పెద్దలు. చెవికి తెలుగును నిలిపింది సినిమానే, ఒప్పుకుంటాం. కానీ మన హోసూరు మాట ఏ సినిమాలో ఎన్నిసార్లు విన్నాం? మనలాంటి అంచు ఊళ్ళ మాట దొరికేది పుస్తకాల్లోనే. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినప్పుడు మాకు అదే అనిపించింది. పులికాట సరస్సు పక్కన పల్లెల తెలుగు అది. అచ్చులో లేకపోతే ఆ మాటలు అక్కడి ముసలివాళ్ళతోనే పోయేవి.

ఆ తర్వాత కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' తమిళంలో చదివాం. ఆయన కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ మనిషి. ఇంటి భాష తెలుగు. ఒక ఆడపిల్లను కాపాడుకోవడానికి ఊరు విడిచి దక్షిణానికి నడిచివచ్చి, అడవి కొట్టి పల్లె కట్టుకున్న తెలుగువాళ్ళ కథ అది. దాని తర్వాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తమిళులు దాన్ని గుండెకు హత్తుకున్నారు, మనకూ గర్వమే. అయినా మన వలస కథను మనం తమిళ లిపిలో చదువుకున్నాం. రేపు మన పిల్లల్లో ఒకరు మన కథ రాయాలనుకుంటే ఏ అక్షరాల్లో రాస్తారు?

అందుకే మా మనవి ఇది. ఈ ఉగాదికి సినిమా పాటల నాట్యాలు ఉండనీ, రెండు తగ్గిద్దాం. ఆ అరగంటలో పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో పేజీ తెలుగులో గట్టిగా చదవాలి. తమ ఇంట్లో అవ్వ చెప్పిన కథను తామే రాసుకొచ్చి చదివితే మరీ మంచిది, తప్పులున్నా సరే. అక్షరాలు రాని పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు నేర్పడానికి మేము నలుగురం సిద్ధం. ఆ పిల్ల మొదటి వారమే వస్తానంది. మీ ఇంటి నుంచి ఎవరు వస్తారో కింద చెప్పండి.