ఆట కూర్చిన ఊరు

పుట్టిన నేలను విడిచి వెళ్ళే మనిషి వెంట తీసుకుపోలేనివి ఎన్నో ఉంటాయి. ఇల్లు, పొలం కంటికి కనిపించే నష్టాలు. కష్టసుఖాలు చెప్పుకొనే ఇరుగుపొరుగు, అవసరానికి ఆదుకొనే బంధువర్గం కంటికి కనిపించని నష్టాలు. ఈ రెండవ నష్టం స్త్రీలను మరింతగా బాధిస్తుంది. కొత్త దేశంలో పురుషునికి ఉద్యోగం, పిల్లలకు బడి పరిచయాలను కల్పిస్తాయి. భాష రాని స్త్రీ అనేక సందర్భాలలో నాలుగు గోడల మధ్యనే మిగిలిపోతుంది. అటువంటి స్త్రీలకు ఆటస్థలం కొత్త ఊరు కాగలదని అఫ్గాన్ క్రీడాకారిణుల జీవితం నిరూపించింది.

2021 ఆగస్టు 15న కాబూల్ నగరం తాలిబన్ల వశమైంది. స్త్రీలకు క్రీడలు నిషిద్ధమయ్యాయి. ప్రాణభయంతో దేశం విడిచిన క్రీడాకారిణులు పలువురు ఆస్ట్రేలియా చేరుకున్నారు. మెల్‌బోర్న్ విక్టరీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు అండతో వారు ఒక జట్టుగా ఏర్పడి, 2022 ఏప్రిల్‌లో విక్టోరియా రాష్ట్ర లీగ్‌లో తొలి పోటీ ఆడారు. వారి ఎర్రని చొక్కాలపై అంకెలు ఉన్నాయి గాని పేర్లు లేవు. పేరు బయటపడితే స్వదేశంలోని తమవారికి ముప్పు కలుగుతుందని వారి భయం. సొంత పేరు చాటుకోలేని ఆ స్త్రీలకు జట్టు పేరే ఒక చిరునామా అయింది.

క్రికెట్ క్రీడాకారిణుల కథ కూడా ఇటువంటిదే. 2020లో అఫ్గాన్ క్రికెట్ బోర్డు 25 మంది స్త్రీలతో ఒప్పందం చేసుకొన్నది. వారిలో అధికసంఖ్యాకులు మెల్‌బోర్న్, కాన్‌బెర్రా నగరాలలో ఆశ్రయం పొందారు. 2025 జనవరి 30న మెల్‌బోర్న్‌లోని జంక్షన్ ఓవల్ మైదానంలో, దేశం విడిచిన తరువాత తొలిసారిగా ఒక్క జట్టుగా ఆడారు. ఆ పోటీలో ఓడిపోయారు. అయినా చెదిరిపోయినవారు తిరిగి ఒక్కచోట నిలవడం కంటే గొప్ప గెలుపు ఏముంటుంది?

“కూడు, గూడు, కొలువు సమకూడిన తరువాత కదా ఆట!” అని కొందరు అంటారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. బంతి ఆకలి తీర్చదు. కాని సహాయం అందుకొనే చోట మనిషి అర్థిగా నిలుస్తుంది. ఆటలో సాటి మనిషిగా నిలుస్తుంది. ఒకరు రాకపోతే మిగిలిన పదిమంది “ఏమైంది?” అని ఆరా తీస్తారు. మనం లేని లోటు నలుగురికి తెలియడమే కదా ఊరంటే!

మన ప్రాచీన సాహిత్యంలోనూ స్త్రీల బంతాట ఉన్నది. కేతన తెనిగించిన ‘దశకుమార చరిత్రము’లో కందుకావతి అనే రాకుమారి బంతాటలో ఆరితేరినది. అయితే ఆమె ఆట తగిన వరుని పొందడానికి దేవికి అర్పించే సేవ. ఈనాటి ప్రవాస వనితల ఆటకు అటువంటి ఫలాపేక్ష లేదు. వారు ఒకరికొకరు తోడు కావడానికి ఆడుతున్నారు.

2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ క్రికెట్ మండలి భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా బోర్డులతో కలిసి ఈ క్రీడాకారిణులకు ఆర్థిక సహాయాన్ని ప్రకటించింది. ఇది హర్షణీయమే. కాని సహాయం వేరు, గుర్తింపు వేరు. అఫ్గాన్ పురుషుల జట్టు 2017లోనే టెస్టు హోదా పొందింది. జంక్షన్ ఓవల్‌లో స్త్రీలు ఆడిన పోటీకి మాత్రం అంతర్జాతీయ పోటీగా గుర్తింపు లేదు. జట్టును కూర్చుకోవడం ఆ స్త్రీల వంతు. వారు తమ పని నెరవేర్చారు. వారి ఆటను వారి దేశపు ఆటగా అంగీకరించడం క్రీడాధికారుల వంతు.

ఆశ్రయమిచ్చే దేశాలకూ ఇందులో ఒక పాఠం ఉన్నది. వలస వచ్చిన స్త్రీకి తలదాచుకొనే చోటుతో పాటు ఒక మైదానం, ఆడుకొనే తీరిక, ఆ సమయంలో పసిబిడ్డను చూసుకొనే ఏర్పాటు కల్పించాలి. ఇవి విలాసాలు కావు. ఆశ్రయం ప్రాణాన్ని నిలుపుతుంది. నలుగురితో కూడిన జీవనమే ఆ ప్రాణానికి అర్థాన్ని ఇస్తుంది.