ఆంగ్లం బోధించడానికి సముద్రాలు దాటేవారికి

జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురికి పరదేశపు గురువులు కొత్త కాదు. 1920లో అక్కడ టిన్‌ప్లేట్ కంపెనీ వెలసినప్పుడు, పలుచని ఉక్కు రేకుకు తగరపు పూత పూయడం ఎరిగినవారు ఈ దేశంలో అరుదు. ఆ పనికి పేరుపడిన వేల్సు నుండి నిపుణులను రప్పించి, ఇక్కడి కార్మికులకు దానిని నేర్పించారు. కిరోసిన్ డబ్బాలకు కావలసిన రేకు 1922 చివరినుండి అక్కడ తయారు కాసాగింది. ఆ ఉక్కు నగరానికి పొట్టచేత పట్టుకొని వచ్చినవారిలో తెలుగువారూ వున్నారు. వారి మునిమనుమలలో ఆంగ్ల పట్టభద్రుడైన యువకుడో, యువతియో నేడు ఎదురు ప్రయాణం తలపెడితే ఆశ్చర్యపడవలసినది లేదు. అయితే ఈసారి ప్రయాణం నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి.

ఈ బాట కూడా పాతదే. 1950ల నుండి ఇథియోపియా పాఠశాలలలోను, 1970లలో నైజీరియాలోను భారతీయ ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో పనిచేశారు. నేటి అభ్యర్థుల చూపు ఎక్కువగా గల్ఫ్ దేశాలమీద, తూర్పు ఆసియామీద వుంటున్నది. గల్ఫ్‌లో మన సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమం అనుసరించే పాఠశాలలు వున్నందున, బి.ఎడ్. పూర్తిచేసి కొంత అనుభవం గడించినవారికి అక్కడి పని పరిచితంగానే తోస్తుంది. తూర్పు ఆసియా సంగతి వేరు.

అక్కడ కొన్ని దేశాలు అభ్యర్థి ఆంగ్లం కన్న ముందుగా అతని పాస్‌పోర్టు చూస్తాయి. దక్షిణ కొరియాలో ఆంగ్ల బోధకుల వీసా సాధారణంగా ఏడు దేశాల పౌరులకే లభిస్తుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలండ్, దక్షిణాఫ్రికా. ఈ పట్టికలో భారతదేశం లేదు. కాని 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒడంబడిక ఒక పక్కవాకిలి తెరిచింది. పట్టాతోపాటు ఉపాధ్యాయ యోగ్యతాపత్రం గల భారతీయులు ఆంగ్ల సహాయోపాధ్యాయులుగా వెళ్లడానికి అది వీలు కల్పించింది. కనుక ఏ దేశపు ద్వారం ఏ అర్హతకు తెరుచుకొంటుందో తెలుసుకోవడమే తొలి సన్నాహం. దరఖాస్తు తిరిగివచ్చినంత మాత్రాన తన ఆంగ్లం తక్కువదని ఎవరూ కుంగిపోనక్కరలేదు. అడ్డుపడినది చట్టం, చదువు కాదు.

రెండవ సన్నాహం విద్యకు సంబంధించినది. ఇక్కడే చాలమంది పొరపడతారు. దొర ఉచ్చారణను అనుకరించడానికి డబ్బు, కాలం వెచ్చిస్తారు. నిజానికి గోల్‌మురి తెలుగు బిడ్డకు వున్న బలం మరొకటి. ఇంట తెలుగు, వీధిలో హిందీ, పొరుగింట బెంగాలీ, ఒరియా, పంజాబీ వింటూ పెరిగినవానికి, పరాయి భాష నోటికి ఎక్కడ తిరగదో అనుభవంవల్ల తెలుస్తుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది గనుక మన పెద్దలు ‘బస్సు’ అంటారు. సరిగ్గా అలాంటి కారణంచేతనే జపాను పిల్లవాడు ‘బాసు’ అంటాడు. ‘కాఫీ’లోని ఫకారం పలకలేక మన పల్లెలలో ‘కాపీ’ అన్నట్లే కొరియావారు ‘కోపి’ అంటారు. పుట్టుకతో ఆంగ్లం వచ్చినవానికి ఇవి వట్టి తప్పులుగా తోచవచ్చు. నాయనమ్మ నోట ఆ మాటలు విన్న ఉపాధ్యాయునికి మాత్రం వాటి వెనుకనున్న న్యాయం తెలుసు. దిద్దే మార్గమూ తోస్తుంది.

ఈ ఎరుకకు శిక్షణ తోడు కావాలి. హైదరాబాదులో 1958లో నెలకొన్న కేంద్రీయ ఆంగ్ల సంస్థ, నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఆంగ్ల బోధనలో దూరవిద్య ద్వారా కూడ శిక్షణ ఇస్తూ వచ్చింది. కేంబ్రిడ్జివారి సెల్టా శిక్షణ 120 గంటలది. అందులో నిజమైన విద్యార్థుల ఎదుట ఆరు గంటలు పాఠం చెప్పి చూపాలి. పాఠం చెప్పనక్కరలేకుండానే కొద్ది రోజులలో చేతికందే యోగ్యతాపత్రాలతో పోల్చి చూస్తే దీని విలువ బోధపడుతుంది.

మూడవది కాగితాల పని. పట్టాను ముందు రాష్ట్రస్థాయిలో ధ్రువపరచుకొని, ఆపైన విదేశాంగ మంత్రిత్వశాఖ ముద్ర పొందాలి. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒడంబడికలో చేరినందున, జపాను, కొరియా వంటి సభ్య దేశాలకు ఆ ముద్ర చాలును. సభ్యత్వం లేని దేశాలకైతే వారి రాయబార కార్యాలయపు ధ్రువీకరణ కూడ కావలసివుంటుంది. పోలీసు ధ్రువపత్రం సరేసరి. తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక చిక్కు ఎదురుకావచ్చు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఉత్తరాది బడి రిజిస్టరులో ఇంటిపేరు జారిపోయి, పేరు చివరనున్న ‘రావు’ ఇంటిపేరై కూర్చుంటుంది. మెట్రిక్ పత్రంలో ఒక తీరున, పట్టాలో మరొక తీరున, పాస్‌పోర్టులో ఇంకొక తీరున పేరు వుంటే వీసా అధికారి ముగ్గురు మనుషులను చూస్తాడు. దీనిని సరిచేయించడానికి నెలలు పట్టవచ్చు. కనుక ఉద్యోగం దొరకకముందే మొదలుపెట్టడం మేలు.

చివరిది జాగ్రత్త. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు ప్రభుత్వంవద్ద నమోదై వుండాలి. అతడు తీసుకోదగిన రుసుముకు 30,000 రూపాయలు, దానిపై పన్ను, గరిష్ఠ పరిమితి. “ముందు టూరిస్టు వీసామీద వెళ్లండి, తక్కినది అక్కడ చూసుకుందాం” అన్న మాట వినబడితే ఆ గడప దిగిరావడమే వివేకం. ఒప్పందంలో వారానికి బోధించవలసిన గంటలు, బస, వైద్యం, తిరుగు ప్రయాణపు ఖర్చు స్పష్టంగా వ్రాసివుండాలి. పాస్‌పోర్టు ఎవరి స్వాధీనంలో వుంటుందో ముందే అడగాలి. దానిని యజమానికి అప్పగించమనే షరతుకు ఒప్పుకోరాదు.

ఇన్ని సన్నాహాలలో ఖర్చులేనిది ఒకటి వున్నది. ప్రయాణానికి ముందు ఆరు నెలలపాటు, సాయంత్రం పూట, బస్తీ పిల్లలు పదిమందిని కూర్చోబెట్టి ఆంగ్లం చెప్పి చూడాలి. ఆ పదిమందిలో సంతాలీ మాట్లాడేవాడు, భోజ్‌పురి మాట్లాడేవాడు, తెలుగు మాట్లాడేవాడు వుంటారు. ఏ ఒక్క భాషనూ ఆసరా చేసుకోకుండా వారిచేత ఒక పుట అర్థవంతంగా చదివించగలిగినవానికి సియోల్‌లోనైనా, మస్కట్‌లోనైనా తరగతి గది భయపెట్టదు. అది చేతకానివానికి ఎంత ఖరీదైన వీసా అయినా పాఠం చెప్పిపెట్టదు.